కిష్టయ్య తిప్పిన మూత

పాత ఫ్యాన్ ఊడి చేతికి వచ్చేసరికి రాజేందర్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఇంజన్ బెల్టుతో పాటు తిరిగే ఇనుప ఫ్యాన్ అది. దాని బోల్టులు కారు పుట్టినప్పటి నుంచీ ఎవరి మాటా విన్నట్టు లేవు. ఒక్కొక్కదానికి డీజిల్ పోసి నానబెట్టి, సుత్తితో మెల్లగా తట్టి, బతిమాలి, చివరికి నోటికొచ్చిన తిట్లు తిట్టి విప్పాడు.

"బోల్టు మీది కోపం ఆమె మీద తియ్యకు రాజేందరూ. పెద్ద మనిషి," అన్నాడు కిష్టయ్య. బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని పొద్దున్నుంచీ ఆయన చేస్తున్న పని అదే, చూడటం. ఆ కారును ఆయన ఎప్పుడూ 'ఆమె' అనే అంటాడు.

కారు ఎర్రది. రెండే సీట్లు, పైన కప్పు లేదు. అరవైల్లో ఇంగ్లండులో తయారైన స్పోర్ట్స్ కారు. హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్ వెనక సందులో, రేకుల షెడ్డు ముందు అది నిలబడి ఉంటే దారిన పోయేవాళ్లు ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు. రాజేందర్ ఆటో ఎలక్ట్రీషియన్. ఆటోల సెల్ఫ్ మోటార్లు, స్కూలు బస్సుల హారన్లు, క్యాబుల ఏసీలు బాగుచేసే ఆ షెడ్డు ముందు ఇన్నేళ్లలో ఎవరూ ఫొటో కోసం ఆగింది లేదు. అందుకని అతడికి లోపల్లోపల కొంచెం గీరగానే ఉంది.

కారు యజమాని సీతారామాంజనేయులు. రాయదుర్గం టవర్లలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పెద్ద. ఆదివారం పూట ఈ కారు తీసి, ఇలాంటి పాత కార్లున్న స్నేహితులతో కలిసి తిరగడం ఆయన సరదా. సరదాకు అడ్డమల్లా ఒక్కటే, ట్రాఫిక్‌లో ఆగితే చాలు ఇంజన్ వేడెక్కిపోతుంది. దానికి మందుగా విదేశం నుంచి రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు తెప్పించాడు. పల్చగా, నల్లగా, అట్టపెట్టెలో అన్నదమ్ముల్లా పడుకుని వచ్చాయి. పెద్ద పెద్ద వర్క్‌షాపులు వదిలి ఈ సందులోకి కారు వచ్చిందంటే అది కిష్టయ్య మాట మీదనే. ఆయన ఆ ఇంట్లో ఎన్నో ఏళ్లుగా డ్రైవరు. "మా పోరడు ఉన్నడు సార్, మంచిగ చేస్తడు," అని ఆయన చెబితే సార్ సరేనన్నాడు.

రాజేందర్ ఇనుప పట్టీలు కోసి, వంచి, కారుకు తగిన బిగింపులు తయారుచేశాడు. రేడియేటర్ రేకులు ఒరుసుకుపోకుండా మధ్యలో రబ్బరు ముక్కలు పెట్టాడు. ముందునుంచి గాలిని లాగి ఇంజన్ వైపు వదిలేలా ఫ్యాన్లను రేడియేటర్ వెనక కూర్చోబెట్టాడు. నీళ్లు వేడెక్కగానే వాటంతట అవే తిరగడానికి పైపులో ఒక స్విచ్చి పెట్టాడు. ఎర్ర తీగ ఫ్యూజు నుంచి. నల్ల తీగ బాడీకి. ఆ మాట షెడ్డులో పని నేర్చుకున్న మొదటిరోజు ఉస్తాద్ చెప్పింది, అప్పటినుంచి మెదడుతో పనిలేకుండా చేతికే తెలిసిపోయింది. ఏ బండైనా సరే, నల్ల తీగ బాడీకి. టెస్ట్ బల్బు పెట్టి చూశాడు. వెలిగింది.

"ఇగ స్టార్ట్ చెయ్ కాకా."

కిష్టయ్య ముందు రేడియేటర్ మూత తీసి నీళ్లు చూశాడు. కొంచెం పోశాడు. మూత పెట్టి, అరచేత్తో నొక్కి, బిగువుగా తిప్పి, వేలి కణుపుతో దాన్ని టక్కున తట్టి, ఆ వేలు కళ్లకు అద్దుకున్నాడు. రోజూ పొద్దున ఆయన చేసే పూజ అది. ఇంట్లోని కొత్త కారుకు కూడా చేయబోతే, దానికి అక్కర్లేదని సార్ నవ్వి ఆపించాడు.

ఇంజన్ గురగురలాడింది. కాసేపటికి ముల్లు పైకి పాకింది, ఫ్యాన్లు రెండూ ఒక్కసారే గిర్రున అందుకున్నాయి. రాజేందర్ ఇరుకులో చెయ్యి దూర్చాడు. గాలి వేళ్లకు అటూ ఇటూ కొట్టింది. చాలనుకున్నాడు. అప్పటికే ఫోన్ తీసి వీడియో పడుతున్నాడు. పాత ఫ్యాన్‌ను కిష్టయ్య తన తువ్వాలులో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు సీటు మీద పెట్టుకుని కారు తీసుకెళ్లాడు.

ఆ వీడియో సార్ స్నేహితులందరికీ చేరింది. సాయంత్రానికి ఇద్దరు ఫోన్ చేసి, మా బండ్లు కూడా చూడాలి అన్నారు. రాజేందర్ భార్య నవనీత అప్పుడే షెడ్డుకు కొత్త బోర్డు మీద ఏ రంగు బాగుంటుందో ఆలోచించడం మొదలుపెట్టింది.

*

ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. అవతల కిష్టయ్య.

"జర జల్ది రా బిడ్డా. రాయదుర్గం మెట్రో కాడ. ఆమె పొంగింది."

రాజేందర్ బైకు మీద వెళ్లేసరికి స్టేషన్ కింద రోడ్డు వారగా పాత కార్లన్నీ వరసగా ఆగి ఉన్నాయి. ఎర్రకారు బానెట్ లేచి ఉంది. కింద నీళ్లు పచ్చగా మడుగు కట్టాయి. చుట్టూ ఖరీదైన కళ్లద్దాలు, టోపీలు పెట్టుకున్న మనుషులు. మంచి మాటలు చెబుతూనే ఫోన్లతో వీడియోలు తీస్తున్నారు. సీతారామాంజనేయులు నవ్వుతున్నాడు గానీ చెవులు కారు రంగులో ఉన్నాయి. ఆయన కారు నడుపుతుంటే వెనక ఇంటి కారులో నీళ్ల క్యానుతో వచ్చిన కిష్టయ్య, తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటర్ పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏమిటయ్యా రాజేందర్ ఇది? ఆగి ఉన్నప్పుడు బాగానే ఉంది. రోడ్డెక్కి నాలుగు అడుగులు వేశానో లేదో ముల్లు పైకి పోయింది. కొత్త ఫ్యాన్లన్నావు!"

రాజేందర్ తాళం తిప్పాడు. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. అతడికి ప్రాణం లేచొచ్చింది.

"తిరుగుతున్నయి సార్. జూడున్రి."

"తిరుగుతుంటే మరి ఎందుకు పొంగింది?"

అందరూ అతడి వైపే చూశారు. తనకు తెలియదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ టోపీలను చూశాడు. నిన్న ఫోన్ చేసిన ఇద్దరూ వాటి కిందే ఉన్నారు. రాజేందర్ తల దించుకుని ఇంజన్‌లోకి వంగాడు. అప్పుడు కనబడింది మూత. పూర్తిగా పడి లేదు, సగం గాటు దగ్గర ఆగి ఉంది.

"మూత సగమే ఉన్నది సార్."

"నేనే సార్," అన్నాడు కిష్టయ్య వెంటనే. "ఇప్పుడే తిప్పిన. ఆవిరి పోనీకి తిప్పిన."

"పొద్దున బిగించావా లేదా?"

"బిగించిన సార్. రోజు లెక్కనే."

సార్ మళ్లీ రాజేందర్ వైపు తిరిగాడు. "మూత సరిగ్గా పడకపోతే ఇలా అవుతుందా?"

"మూత సరిగ్గ పడకపోతే గిట్లనే పొంగుతది సార్," అన్నాడు రాజేందర్.

అది అబద్ధం కాదు. ఏ మెకానిక్‌ను అడిగినా అదే చెబుతాడు. అందుకే అంత సులువుగా నోటికొచ్చింది. ఆవిరి పోవడానికి మూత సగం తిప్పడం డ్రైవర్లంతా చేసే పనేనని కూడా చెప్పొచ్చు. అది చెప్పలేదు. టోపీల్లో ఒకాయన "డ్రైవర్లతో ఇదే తంటా" అన్నాడు. ఎవరో నవ్వారు. సీతారామాంజనేయులు ముఖంలో ఎరుపు దిగిపోయింది. తప్పు ఆయన కారుదీ కాదు, ఆయన తెప్పించిన ఫ్యాన్లదీ కాదు.

కిష్టయ్య చేతికి చుట్టుకున్న తువ్వాలు విప్పి, దులిపి, భుజం మీద వేసుకున్నాడు. ఆయన అరచేతిలో ఆవిరికి బొబ్బ లేచి ఉంది. రాజేందర్ అది చూశాడు, చూడనట్టు తాళం తీశాడు. ఫ్యాన్లు ఆగిపోయాయి.

*

రెండు రోజులకు కిష్టయ్య షెడ్డుకు వచ్చాడు. నడిచి వచ్చాడు. ఎప్పుడూ ఇస్త్రీ తెల్లచొక్కాలో కనిపించే మనిషి, ఆరోజు గళ్ల చొక్కాలో ఎవరో కొత్తవాడిలా ఉన్నాడు.

"సార్ ఇగ రెస్టు తీసుకో అన్నడు," అన్నాడు నూనె డబ్బా మీద కూర్చుంటూ. "తిట్టలే. తిడితే బాగుండు. సార్ వాళ్లమ్మ పెద్దమ్మయితే ఏడ్సింది. ఎవడో ప్రశాంత్ అట, వయసు పోరడు, వచ్చి చేరిండు."

రాజేందర్ ఆటో డైనమో విప్పుతున్నాడు. ఇంకో స్క్రూ విప్పాడు. "మల్ల ఎట్ల కాకా?"

"మా ఇంటామె కొమురమ్మ వంట చేస్తది గదా, నిజాంపేట ఆడపిల్లల హాస్టల్‌ల. ఆడ్నే గేటు కాడ కూసునే పనున్నదట. దాని గురించి ఫికర్ లేదు." ఆయన ఆగాడు. బొబ్బ ఎండి తోలు లేచిన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. "నేను వచ్చింది ఒక్క మాట అడుగుదామని. నువ్వు చూసినవ్ గదా. ఆ మూత పొద్దున్నుంచే వదులుగ ఉండెనా?"

రాజేందర్ డైనమోలోకే చూస్తున్నాడు.

"నాకు తిప్పినట్టే యాదికున్నది. తిప్పిన, కొట్టిన, కండ్లకద్దుకున్న. కానీ రోజు చేసే పనాయె. ఆ యాది ఆదివారానిదా, శనివారానిదా? పడుకుంటే గదే. ఎంత ఆలోచించినా తేలుతలేదు. నీ అసొంటోడు చూసి చెప్పినంక నేనెట్ల కాదంట?"

ఇప్పుడు చెప్పాల్సింది ఒక్క మాట. 'నాకు తెలవదు కాకా, నువ్వు తిప్పే ఉంటవ్.' అంతే. కానీ ఆ మాట చెబితే తరవాతి ప్రశ్న వస్తుంది. మరి ఎందుకు పొంగింది? ఆ ప్రశ్న ఆదివారం నుంచీ అతణ్ణి వదల్లేదు. ఫ్యాన్లు తిరుగుతూ ఉండగా, నిండా నీళ్లున్న రేడియేటర్ రోడ్డు మీద, అంత పొద్దున, ఎందుకు పొంగుతుంది? కారు తెప్పించుకుని మళ్లీ చూడొచ్చు. చూడాలంటేనే భయం.

"ఒక్కోపారి అయితది కాకా," అన్నాడు. "వయసు గూడ..."

"అయితదా?"

"అయితది."

కిష్టయ్య నెమ్మదిగా తల ఊపాడు. డాక్టరు చెప్పింది విన్నట్టు విన్నాడు. చాయ్ తెప్పిస్తానంటే వద్దన్నాడు. సందు చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

"నా తువ్వాల ఈడ్నే వెట్టిన్నా?"

తువ్వాలు ఆయన భుజం మీదే ఉంది. రాజేందర్ వేలితో చూపించాడు. కిష్టయ్య దాన్ని తడుముకుని, నవ్వబోయి, నవ్వకుండా వెళ్లిపోయాడు. డైనమో అలా ఒడిలోనే ఉండిపోయింది. ఆ రోజు ఆ ఆటోవాడు ఎన్నిసార్లు వచ్చి అడిగినా పని కాలేదు.

సద్దుల బతుకమ్మ రోజు నవనీత ముంగిట్లో తంగేడు, బంతి పూలు కుప్పపోసుకుని బతుకమ్మ పేరుస్తోంది. రాజేందర్ లోపల టేబుల్ ఫ్యాన్ ముందు నిలబడ్డాడు. ముందు చెయ్యి పెట్టాడు. తర్వాత వెనక పెట్టాడు. వెనక కూడా ఏదో గాలి తగులుతూనే ఉంది.

"ఏందది? పొద్దున్నుంచి చూస్తున్న, ఫ్యాన్‌తోని ఆడుకుంటున్నవ్," అంది నవనీత. "ఆ సార్ దోస్తు మల్ల ఫోన్ చేసిండు. పండుగ ఎల్లినంక బండి పంపిస్తడట. మంచి మాట చెప్తే మొఖం గట్ల వెడ్తవేంది?"

"ఏం లేదు."

"కిష్టయ్య కాకను తీసేసిండ్రంట గదా. పాపం. మూత మర్చిపోయిండట?"

"అట్లనే అంటున్నరు," అన్నాడు రాజేందర్. అట్లా అన్నది ఎవరో నవనీతకు తెలియదు. ఆమె గునుగు పువ్వు ఒకటి తుంచి, చోటు చూసి పెట్టి, మళ్లీ పాటలో పడింది. రాజేందర్ ఊరికే బైకు తీసి కొత్తగూడ దాకా పోయి, ఏ పనీ లేక తిరిగొచ్చాడు.

*

దసరా పొద్దున సార్ ఇంటినుంచి పిలుపు వచ్చింది. ఆయుధపూజ. బండి పూజకు బండి పని చేసినవాడు ఉండాలని సార్ వాళ్లమ్మ శారదమ్మ పట్టు.

కొండాపూర్‌లోని ఆ విల్లా ముందు రెండు కార్లూ కడిగి ఆరబెట్టి ఉన్నాయి. ఆ ఆదివారం తర్వాత మళ్లీ రోడ్డెక్కని ఎర్రకారు నోటికి అడ్డంగా లావుపాటి బంతిపూల దండ. టైర్ల కింద నిమ్మకాయలు. పక్కింటివాళ్లు, ఆదివారం టోపీల్లో ఇద్దరు, వాళ్ల పిల్లలు. తెల్ల ఇస్త్రీ చొక్కాలో కొత్త డ్రైవరు ప్రశాంత్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కిష్టయ్య నిలబడే చోటే అది.

శారదమ్మ రాజేందర్‌ను దగ్గరికి పిలిచి, బొట్టు పెట్టి, పళ్లెంలోంచి ఒక బట్టల కవరు తీసి చేతిలో పెట్టింది. ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ.

"ఇది కిష్టయ్య కోసమని వినాయక చవితప్పుడే కొనిపెట్టాను బాబూ. ఏటా నా చేత్తోనే పెట్టేదాన్ని. వాడు లేడు కదా ఇప్పుడు. నువ్వు కుట్టించుకో."

కవరు బరువేమీ లేదు. అయినా రాజేందర్‌కు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చంకలో పెట్టుకున్నాడు, తీసి చేత్తో పట్టుకున్నాడు, మళ్లీ చంకలో పెట్టుకున్నాడు.

సార్ కారెక్కి ఇంజన్ స్టార్ట్ చేశాడు. పంతులు గారు మంత్రాలు మొదలుపెట్టారు. మంత్రాలు ముగిసేసరికి ఇంజన్ వేడెక్కింది. శారదమ్మ అగరువత్తుల కట్ట వెలిగించి, కారు ముందు వంగి, దండ దగ్గర తిప్పుతోంది. అప్పుడు లోపల టక్కుమని చప్పుడైంది. ఫ్యాన్లు అందుకున్నాయి.

పొగ ఒక్కసారిగా ఆమె ముఖం మీదికి కొట్టింది. ఆమె దగ్గుతూ వెనక్కి జరిగింది. బంతిపూల దండ ముందుకు ఉబ్బింది, రెక్కలు ఊడి గాలిలోకి లేచి పిల్లల మీద పడ్డాయి. పిల్లలు కేకలేశారు.

"చూశారా, అమ్మవారు అక్షింతలు వేస్తోంది!" అంది పక్కింటామె. అందరూ చప్పట్లు కొట్టారు. సార్ స్టీరింగు వెనక మురిసిపోతున్నాడు.

రాజేందర్ ఒక్కడూ కదల్లేదు. పొగ బయటికి వస్తోంది. లోపలికి పోవాల్సిన గాలి బయటికి వస్తోంది. కారు ముందుకు పోతే ఎదురొచ్చే గాలి ఒకవైపు, దాన్ని నెట్టే ఈ ఫ్యాన్లు ఒకవైపు. మధ్యలో రేడియేటర్‌కు ఏ గాలీ లేదు. ఆగి ఉంటే ఫరవాలేదు, రోడ్డెక్కితే పొంగుతుంది. ఆదివారం సార్ చెప్పిందీ అదే. తను వినలేదు. తను మూత వెతుక్కుంటున్నాడు.

"సార్, జర ఇంజన్ బంద్ చేయున్రి."

ఎవరికీ వినపడలేదు. ఇంకా గట్టిగా అన్నాడు. మంత్రం చదవబోతున్న పంతులు గారు కూడా ఆగారు.

సీట్ల వెనక చెక్క ఎత్తితే బ్యాటరీ. అక్కడికి అతడు ఎన్నడూ పోలేదు, ఫ్యూజు దగ్గరే పని ముగించాడు. ఇప్పటి బండ్లలో మైనస్ తీగ ఉండే చోట, ప్లస్ గుర్తున్న లావు తీగ నేరుగా బాడీ ఇనుముకు బిగించి ఉంది. ఆ కాలపు ఆ కార్లకు అంతే, అన్నీ తిరగబడి ఉంటాయి. ఉస్తాద్ చెప్పింది ఈ ఒక్క కారుకు పనికిరాదు. నల్ల తీగ బాడీకి అని తన చెయ్యి చేసుకుపోయింది, ఫ్యాన్లు వెనక్కి తిరిగాయి.

బానెట్ ఎత్తి, ఫ్యాన్ల తీగలు రెండూ తారుమారు చేశాడు. దానికి దగ్గి గొంతు సవరించుకున్నంత సేపు కూడా పట్టలేదు. అదే అతణ్ణి ఎక్కువ బాధపెట్టింది. మళ్లీ స్టార్ట్ చేయించాడు. ఫ్యాన్లు తిరిగాయి. శారదమ్మ చేతిలో పొగ వంగి, దండ సందుల్లోంచి చల్లగా లోపలికి పోయింది. దండ కారుకు అతుక్కుపోయింది.

అక్కడితో ఊరుకోవచ్చు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఒక టోపీ ఆయన అతడి భుజం తట్టి "ఎక్స్‌పర్ట్" అని కూడా అన్నాడు. రాజేందర్ చంకలో కవరు జారుతోంది.

"సార్, మూత కాదు," అన్నాడు. "ఆ రోజు పొంగింది మూతకు కాదు. నేను తీగలు ఉల్టా ఇచ్చిన. ఫ్యాన్లు ఎనకకు తిరిగినయి. కిష్టయ్య కాక మూత మంచిగనే పెట్టిండు. తప్పు నాది."

సీతారామాంజనేయులు స్నేహితుల వైపు చూశాడు, నవ్వాడు.

"సరేలేవయ్యా. దొరికింది కదా, అది చాలు. పండగపూట ఇవన్నీ ఎందుకు?"

"కాకను మల్ల పిలుస్తరా సార్?"

"ప్రశాంత్ చేరాడు కదా. కిష్టయ్య కూడా పెద్దవాడైపోయాడు, ఎప్పటికైనా మానాల్సినవాడే." ఆయన గొంతులో కోపం లేదు, చెడ్డతనమూ లేదు. రేడియోలో పాట మార్చినంత తేలిగ్గా మాట మార్చి పంతులు గారితో "కానివ్వండి" అన్నాడు. భుజం తట్టిన టోపీ ఆయన మాత్రం ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు. ఆయన బండి ఇక షెడ్డుకు రాదని రాజేందర్‌కు అప్పుడే తెలిసిపోయింది.

శారదమ్మ కళ్లు పొగకు ఎర్రబడి ఉన్నాయి. దగ్గరికి వచ్చి కవరు వైపు చూసింది.

"అయితే అవి నీవి కావు నాయనా. ఎవరివో వాళ్లకిచ్చిరా. ఈరోజే ఇచ్చిరా."

*

నిజాంపేటలో ఆ హాస్టల్ దసరా సెలవులకు ఖాళీగా ఉంది. పిల్లలంతా ఊళ్లకు పోయారు. సాయంత్రం ఎండ పసుపుగా మెట్ల మీద పడుతోంది. రాజేందర్ ఒక చేతిలో కవరు, ఒక చేతిలో దారిలో కొన్న జమ్మి ఆకు కొమ్మతో గేటు దగ్గర ఆగాడు.

కిష్టయ్య మెట్ల కింది గదికి తాళం వేస్తున్నాడు. వేశాడు. లాగి చూశాడు. కొమురమ్మ కొత్తచీర కుచ్చిళ్లు పట్టుకుని గేటుదాకా వచ్చేసింది. ఆయన ఆమె వెనకాలే వచ్చి, సగం దారిలో ఆగి, వెనక్కిపోయి తాళం మళ్లీ లాగాడు. తాళం తీసి లోపలికి పోయాడు. "స్టౌ బందే ఉన్నది," అని లోపలినుంచి వినబడింది.

"గదే పరేషాన్," అంది కొమురమ్మ రాజేందర్‌ను చూసి, పలకరింపు కూడా లేకుండా. "ఆ కారు పొంగినప్పటికెల్లి గిట్లనే చేస్తుండు. గేటు ఏసినమా, నల్లా బందు చేసినమా... అన్నం తిని గూడ తిన్ననా అని అడుగుతుండు. జమ్మికి పోదామంటే పొద్దుగూకేటట్టున్నది."

కిష్టయ్య బయటికి వచ్చాడు. రాజేందర్‌ను చూసి ముఖం వెలిగింది. ఆ వెలుగు చూడలేక రాజేందర్ గబగబా చెప్పేశాడు. పొగ, దండ, బ్యాటరీ, తీగలు, అన్నీ కలగాపులగంగా చెప్పాడు. తనను అడిగిన రోజు అనుమానం ఉండి కూడా వయసు మీదికి నెట్టానని కూడా చెప్పాడు.

కిష్టయ్య తాళం చెవి చేతిలో పట్టుకుని విన్నాడు.

"అయితే మూత?"

"మంచిగనే ఉండె కాకా. నువ్వు బిగించినవ్."

"ఆదివారం?"

"ఆదివారమే."

"అయితే అది ఆదివారం యాదే," అన్నాడు కిష్టయ్య నెమ్మదిగా. గేటు దగ్గరున్న భార్య వైపు తిరిగాడు. "కొమురమ్మా, ఇటు రా. ఇన్నవా? మల్ల చెప్పు రాజేందరూ. ఈమెకు చెప్పు."

రాజేందర్ కొమురమ్మకు చెప్పాడు. కిష్టయ్య ఎదురుగా ఉన్న దర్జీని కేకేసి పిలిచాడు. దర్జీకి చెప్పించాడు. ఊళ్లో ఉన్న కూతురు వసంతకు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, "చెప్పు, మొత్తం చెప్పు," అన్నాడు. చెప్పిన ప్రతిసారీ రాజేందర్ గొంతు ఇంకొంచెం చిన్నదైంది, కిష్టయ్య మెడ ఇంకొంచెం నిలబడింది. "బాపూ, నేను మొదట్నే అనలే?" అని అటువైపు వసంత ఏడ్చేసింది.

ఫోన్ పెట్టేశాక రాజేందర్ కవరు ఇచ్చాడు. "పెద్దమ్మ పంపింది. సార్ అయితే పిలువనన్నడు కాకా. అడిగిన."

"పిలిచినా పోతనా?" కిష్టయ్య గుడ్డ అంచు బొటనవేలితో రాసి చూసి కొమురమ్మకు అందించాడు.

"నా మీద కోపం లేదా కాకా?"

"ఎందుకుండదు? వస్తది." ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "అది తర్వాత వస్తది. ముందుగాల జర సంతోషపడనియ్యి."

రాజేందర్ దీవెన కోసం జమ్మి ఆకు ఆయన చేతిలో పెట్టబోయాడు. కిష్టయ్య ఆ చేతిని చూశాడు, తీసుకోలేదు, కోపంగా తోసెయ్యనూ లేదు. లోపలికి పోయి కవరు పెట్టి, తలుపు మూసి, తాళం వేశాడు. వేసి, చెవి జేబులో వేసుకుని, కొమురమ్మ పక్కన నడుచుకుంటూ గేటు దాటాడు. వెనక్కి చూడలేదు. తాళం లాగి చూడలేదు. జమ్మిచెట్టు వైపు పోయే జనంలో ఆయన తెల్ల తువ్వాలు కాసేపు కనిపించి కలిసిపోయింది.

రాజేందర్ ఆకు పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. తర్వాత ఎందుకో మెట్ల దగ్గరికి నడిచి, చెయ్యి చాపి, ఆ తాళాన్ని లాగి చూశాడు. పడే ఉంది. గేటుదాకా వచ్చి, మళ్లీ వెనక్కి పోయి ఇంకోసారి లాగాడు.